దరఖాస్తుదారుల సంస్థానం

మా వీధి దీపం ఆరిపోయి పదహారు రోజులైంది. పదిహేడో రోజు పొద్దున్నే ఇంటిపన్ను రశీదు జేబులో పెట్టుకుని బల్దియా ఆఫీసుకు పోయాను. ఏ ఊరి బల్దియా అని మాత్రం అడక్కండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ – ఈ మూడింటిలో ఒకటి. పేరు చెబితే ఒక ఊరికి కోపం వస్తుంది. చెప్పకపోతే మూడు ఊళ్లవాళ్లూ "ఇది మా ముచ్చటే" అని మురిసిపోతారు.

కౌంటర్లో కూర్చున్న తమ్ముడు తల ఎత్తకుండానే "దరఖాస్తుదారు పేరు?" అన్నాడు.

"దరఖాస్తుదారును కాదు తమ్మీ, పన్ను కట్టేటోణ్ణి. ఈ ఊరోణ్ణి."

పాపం, మంచి పిల్లవాడు. ఫారమంతా వెతికాడు. దరఖాస్తుదారు పేరు, దరఖాస్తుదారు తండ్రి లేక భర్త పేరు, దరఖాస్తుదారు సంతకం లేక వేలిముద్ర. 'ఊరోడు' అన్న గడి ఎక్కడా దొరకలేదు. "అట్లాంటి ఆప్షన్ లేదు సార్" అన్నాడు. నేను దరఖాస్తుదారునై సంతకం పెట్టి, ఆ దరఖాస్తుకు రశీదు తీసుకోకుండా ఇంటికొచ్చాను. దీపం ఇంకా వెలగలేదు. ఆ లేని గడి మాత్రం నా బుర్రలో వెలుగుతూనే ఉంది.

ఆ గడి పూర్వం ఎక్కడైనా ఉండేదా అని పుస్తకాలు తిరగేస్తుంటే ఇంగ్లండు పాత పట్టణాల చరిత్రలో ఒక శాల్తీ తగిలాడు. పేరు బర్జెస్. వట్టి పట్నవాసి కాడు. ఊళ్లో అతనికొక ఇంటిజాగా ఉంటుంది. దానికి ఏడాదికింత అని నగదు శిస్తు కడతాడు. ఊరి ఖర్చులో తన వంతు మోస్తాడు, రాత్రి కాపలాలో తన వంతు తిరుగుతాడు. ఇన్ని చేసినందుకు ఊళ్లో అంగడి పెట్టుకోవచ్చు, సుంకం లేకుండా సరుకు తోలుకోవచ్చు, ఊరి బీట్లో పశువుల్ని మేపుకోవచ్చు. ఎవడైనా దావా వేస్తే 'మా ఊరి కచేరీలోనే తేల్చండి' అనొచ్చు. ఊరి పెద్దను తానే ఎన్నుకోవచ్చు. బర్జెస్ కావడానికి దారులు కూడా తెలిసినవే. బర్జెస్ కొడుకుగా పుట్టడం, ఒక పనిమంతుడి దగ్గర ఏడేళ్లు శిష్యరికం చెయ్యడం, లేదంటే డబ్బు కట్టి కొనుక్కోవడం. కొన్ని ఊళ్లలో బర్జెస్ బిడ్డను పెళ్లాడినా సరిపోయేది. మన దగ్గర దాన్ని ఇల్లరికం అంటారు, దాంతో ఏ హక్కూ రాదు.

వీటన్నిటికంటే నాకు నోరూరించిన హక్కు ఇంకొకటుంది. షరీఫును ఊరి పొలిమేర బయటే నిలబెట్టే హక్కు. షరీఫంటే రాజు పేరు మీద జిల్లా అంతా శిస్తు వసూలు చేసే అధికారి, అంటే ఆ కాలపు కలెక్టరు. పట్టణాలవాళ్లు రాజు దగ్గరికి వెళ్లి బేరం పెట్టారు: 'మా ఊరి పన్ను మేమే వసూలు చేసుకుని, ఏటా గుత్తంగా ఇంత అని నీ ఖజానాకు కడతాం. నీ షరీఫును మాత్రం మా ఊళ్లో కాలు పెట్టనీయకు.' యుద్ధాలకు డబ్బు చాలక కటకటలాడుతున్న జాన్ రాజు అట్లాంటి చార్టర్లు సంతలో సరుకులా అమ్మాడు. ఇప్స్‌విచ్ అనే రేవు పట్టణం 1200లో ఒకటి కొనుక్కుంది. అదే ఏడాది జూన్ 29న ఊరి జనమంతా చర్చి ఆవరణలో చేరి, ఊరు నడిపేవాళ్లను తామే ఎన్నుకున్నారు.

మరి మనమో? షరీఫు దూరంగా ఉన్నాడని ఏడ్చాం. వెనకటికి ఆయన మహబూబ్‌నగర్‌లో ఉండేవాడు. కాగితం మీద సంతకం కావాలంటే బస్సెక్కాలి. అందుకని ధర్నాలు, బంద్‌లు, రాస్తారోకోలు చేసి, గద్వాలలోనైతే మరీ గట్టిగా గొంతు చించుకుని, 2016 అక్టోబర్ 11న మూడు ఊళ్లకు ముగ్గురు షరీఫుల్ని సాధించుకున్నాం. బర్జెస్ డబ్బిచ్చి వదిలించుకున్నవాణ్ణి మనం మేళతాళాలతో ఊళ్లోకి తెచ్చుకుని, బ్రహ్మాండమైన కలెక్టరేట్ కట్టించి, సోమవారం సోమవారం అక్కడే క్యూ కడుతున్నాం. ఆ క్యూకు ప్రజావాణి అని పేరు. వాణి ప్రజలది, చెవి ఎవరిదో ఇంకా తేలలేదు.

ఇదంతా తెల్లదొరల గొప్ప, మనకెక్కడిదిలే అనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఇప్స్‌విచ్ జనం చర్చి దగ్గర చేరడానికి సరిగ్గా ఏడాది ముందు, 1199లో, ఓరుగల్లు గద్దె మీద గణపతిదేవుడు కూర్చున్నాడు. ఆయన కాలపు శాసనాల్లో 'నకరం' అని ఒక మాట వస్తుంది. పట్టణపు వర్తకుల కట్టుబాటు సంఘం అది. గుడికి దానమిచ్చినా, సరుకు మీద ఇంత పాలు అని తీర్మానించినా నకరం పేరు మీదే. ఊరి వృత్తులన్నీ కలిసినదాన్ని అష్టాదశ ప్రజ అనేవారు. అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో రాయి మీద చెక్కించి మరీ మాటిచ్చాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వర్తకుల సరుకు దోచుకోం, పద్ధతి ప్రకారం సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని. దానిపేరే అభయశాసనం. మన ఇంగ్లీషు చదువుల్లో మాగ్నా కార్టాకున్న ప్రశ్న మోటుపల్లి రాయికి లేదు. పరీక్షకు రాదు కాబట్టి మనకు గుర్తూ లేదు.

ఆ తరవాత కాలం ఒరిగి ఒరిగి సంస్థానాల మీద పడింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు, గోపాలపేట – పాలమూరు గడ్డ మీద రాజుగారు లేని దిక్కు లేదు. గద్వాలనైతే 'విద్వద్గద్వాల' అన్నారు, ఉత్తినే అనలేదు. కవి వచ్చేవాడు, పద్యం చదివేవాడు, శాలువా కప్పించుకుని వార్షికం పుచ్చుకుని వెళ్లేవాడు. తిరుపతి వేంకట కవులు ఈ దారిన తిరిగినవాళ్లే. నేను ఆ కవుల్ని తప్పుపట్టను. అప్పటి ధర్మం అది, వాళ్ల పద్యం అంత గట్టిది. నా బాధల్లా వాళ్ల నుంచి ఊరికి అంటుకున్న అలవాటు గురించే. కావలసినదాన్ని హక్కుగా అడక్కుండా, అందంగా అడగడం. పద్యం పోయింది, ఆ అందం ఫ్లెక్సీలోకి దిగింది. నాలుగు గజాల మోరీ మీద రెండు సిమెంటు బిళ్లలు పరిస్తే 'మా కాలనీ దేవుడు' అని ఇరవై అడుగుల ఫ్లెక్సీ కడుతున్నాం. ఫ్లెక్సీ ఖర్చుతో మోరీ మొత్తం కప్పొచ్చు.

1948లో సంస్థానాల మీది నిజాం నీడ పోయింది. మరుసటేడు జాగీర్దారీ పోయింది. సోమనాద్రి కట్టించిన గద్వాల కోటలో ఇప్పుడు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట డిగ్రీ కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పిల్లలు తిరుగుతున్నారు. ఆ మార్పును తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఛాతీ పొంగుతుంది. రాజు పడగ్గదిలో మాలోడి కొడుకూ, కురుమోడి బిడ్డా పక్కపక్కన కూర్చుని పరీక్ష రాయడం చిన్న సంగతి కాదు. కోట తలుపు తెరుచుకుంది, ప్యాలెస్ తలుపు తెరుచుకుంది. 'మహారాజశ్రీ వారి సముఖానికి' అని మొదలయ్యే అర్జీ మాత్రం అక్కడే ఉండిపోయి, 'గౌరవనీయులైన కమిషనర్ గారికి' అని పై పంక్తి మార్చుకుంది. నాగర్‌కర్నూల్‌కు సొంత రాజు లేడు గదా, అక్కడివాళ్లన్నా వేరే రకమేమో అనుకుని వెళ్లి చూశాను. వాళ్ల అర్జీలో కామాలు ఇంకా ఎక్కువ.

ఇక చట్టం దగ్గరికొద్దాం. చట్టం లేక మనం బాధపడటం లేదు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం తెరిచి చూస్తే బర్జెస్‌కే కన్ను కుడుతుంది. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలట: యువతది ఒకటి, మహిళలది ఒకటి, పెద్దవయసువాళ్లది ఒకటి, ప్రముఖులది ఒకటి. ఒక్కోదానిలో పదిహేను మంది. అంటే వార్డుకు అరవై మంది. గద్వాలలో 37 వార్డులు, వనపర్తిలో 33, నాగర్‌కర్నూల్‌లో 24. మొత్తం 94 వార్డులు, అరవై చొప్పున 5,640 మంది. అయిదువేల ఆరువందల నలభై మంది పురప్రముఖులు! ఇప్స్‌విచ్ చర్చి ఆవరణలో ఇంతమంది పట్టేవాళ్లు కారు. మా వార్డు అరవై మంది ఎవరా అని నేను ఇంటింటికీ తిరిగి అడిగాను. చాయ్ హోటల్ కాకా మాత్రం ఒప్పుకున్నాడు: "నా పేరుందని చెప్పిండ్రు బిడ్డా. ఏ కమిటీలనో చెప్పలే." కాకా వయసు డెబ్బై రెండు. యువతలో వేశారేమోనని ఆయన భయం.

మొక్కల సంగతి ఇంకా ముద్దుగా ఉంటుంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే వార్డు సభ్యుడి పదవికే ఎసరు. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికే. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ప్రపంచంలో ఏ రాజూ, ఏ పార్లమెంటూ ప్రజాప్రతినిధి తలను వేపచెట్టుకు కట్టలేదు. మొక్కలు ఎండినందుకు పదవి పోగొట్టుకున్న కౌన్సిలర్ పేరు మీకేమైనా తెలుసా? నాకు తెలియదు. మేకలకు తెలుసేమో.

ఈ పచ్చదనం చాటున అదే చట్టం ఇంకో పని చేసింది. కలెక్టరు చేతికి కర్ర ఇచ్చింది. ఎన్నికైన చైర్‌పర్సన్ మీద, సభ్యుల మీద వేటు వేసే అధికారం అందులో ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కింద ఇంగ్లండు ఊళ్లు వెండి నాణేలు పోసి బయటికి గెంటిన షరీఫు, ఇక్కడ సెక్షన్ నంబరు పట్టుకుని లోపలికొచ్చి కుర్చీ వేసుకున్నాడు. అవినీతి చేసిన సభ్యుణ్ణి దించొద్దని నేనట్లేదు. దించే చెయ్యి ఓటేసిన చెయ్యి అయితే బాగుండేదంటున్నాను.

కనీసం ఎన్నుకునే ముచ్చటన్నా టైముకు తీరుతుందా? రాజ్యాంగం 243యూ అధికరణం తేటతెల్లంగా చెబుతోంది. మున్సిపాలిటీ ఆయుష్షు అయిదేళ్లు. అది తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తి కావాలి. 2020 జనవరి 22న మన ఊళ్లలో పోలింగ్ జరిగింది. ఆ పాలకవర్గాల గడువు 2025 జనవరి 26తో తీరింది. తేదీ చూశారా? గణతంత్ర దినోత్సవం నాడు జెండా ఎగరేశారు, మిఠాయి పంచారు, సాయంత్రానికి గణతంత్రాన్ని ప్రత్యేకాధికారికి అప్పజెప్పి ఇంటికి పోయారు. ఇంత కవిత్వం గద్వాల ఆస్థాన కవులకు కూడా తట్టి ఉండదు. 2025 క్యాలెండర్ ఒక్కో కాగితం చింపించుకుని గోడ దిగిపోయింది. ఆ పన్నెండు కాగితాల్లో మున్సిపల్ పోలింగ్ తేదీ ఒక్కటీ లేదు.

ఇది కొత్తా అంటే కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో పట్టణాల గడువు తీరితే, మళ్లీ పోలింగ్ 2014 మార్చి 30న. ఆ పెట్టెలు తెరిచి, చైర్మన్లు కుర్చీ ఎక్కేసరికి జూలై. 2019 జూలైలో వాళ్లు దిగితే మళ్లీ 2020 జనవరి దాకా ఖాళీ. ఆ తరవాత 2025. పదిహేనేళ్లలో అయిదేళ్లకు పైగా ఊరికి ఊరివాడు లేడు. అయిదేళ్లంటే ఒక పూర్తి పాలకవర్గం ఆయుష్షు. అంటే ఒక ఎన్నికను మనం పూర్తిగా మింగేశాం, త్రేనుపు కూడా రాలేదు. దీపావళి సెలవు ఒకరోజు తగ్గితే మెమొరాండం ఇచ్చే ఊరు, అయిదేళ్ల స్వపరిపాలన మాయమైతే ఒక్క టెంటు వెయ్యలేదు. నాతో సహా.

ప్రత్యేకాధికారులు చెడ్డవాళ్లని నేననను. కొందరు కౌన్సిలర్ల కంటే బాగా పనిచేస్తారు, ఫోన్ కూడా ఎత్తుతారు. అదే ప్రమాదం. 'ఎన్నికలు లేకపోతేనే నయం, పని అయితాంది' అని చాయ్ దుకాణం దగ్గర మనమే అంటుంటాం. సంస్థానాల కాలంలోనూ ఇదే మాట అనేవాళ్లు: రాజు మంచోడు.

కుర్చీ నిండినప్పుడైనా దాన్ని నింపేది ఎవరు? మనం కౌన్సిలర్‌ను ఎన్నుకుంటాం, కౌన్సిలర్లు చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. మధ్యలో ఎక్స్ అఫీషియో అని కొందరు వస్తారు. ఎమ్మెల్యే, ఎమ్మెల్సీ, ఎంపీ. ఎక్కడ ఓటు తగ్గితే అక్కడ వాలుతారు. 2020 జనవరి ఆఖరి వారంలో తుక్కుగూడ, నేరేడుచర్ల పట్టణాల పేర్లు పేపర్లలో మోగిపోయింది ఈ వాలుడు గురించే. ఇంగ్లండులో సరిగ్గా ఇదే ఆట ఆడారు. ఊరితో ఏ సంబంధమూ లేనివాళ్లకు గౌరవ బర్జెస్ హోదా ఇచ్చి ఎన్నికల ముందు బళ్లకొద్దీ దింపేవారు. డరమ్ అనే ఊళ్లో 1761లో ఒక ఉప ఎన్నిక కోసం ఇట్లా రెండొందల మందికి పైగా తయారుచేస్తే గగ్గోలు లేచి, 1763లో పార్లమెంటు చట్టం చేసింది. పోలింగ్‌కు ఏడాదిలోపు తయారైన గౌరవ బర్జెస్ ఓటు చెల్లదని. రెండున్నర శతాబ్దాల కింద వాళ్లు మూసిన కంతను మనం చట్టంలోనే కిటికీగా పెట్టుకుని కర్టెన్ కూడా వేసుకున్నాం.

దొరల కథ పవిత్రమైందని అనుకోకండి. పోను పోను బర్జెస్‌లు వాళ్ల హక్కును వాళ్లే తిన్నారు. పాత సభ్యులు కొత్త సభ్యుల్ని తామే నియమించుకుంటూ, ఊరి భూముల ఆదాయంతో విందులు చేసుకుంటూ, లెక్క చూపమంటే మూతి తిప్పుకుంటూ ఉండేవారు. ఓల్డ్ సారమ్ అనే దిబ్బ మీద మనుషులే కాపురం లేకున్నా ఇద్దరు ఎంపీలుండేవారు. చివరికి 1832లో ఒక చట్టం ఆ దిబ్బ సీటు ఊడబీకింది. 1835లో ఇంకో చట్టం 178 పట్టణాల పాత కూటముల్ని కూల్చి, వరసగా పన్ను కట్టిన మగవాళ్లందరికీ ఓటిచ్చింది. ఊరి లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్లను కూడా బర్జెస్‌లే ఎన్నుకోవాలని రాసింది. మళ్లీ చదవండి: ఆడిటర్లను. మన దగ్గర ఆడిట్ అభ్యంతరం అంటే ఫైలుకు పట్టే జలుబు. రెండ్రోజులు ఉంటుంది, అదే పోతుంది.

ఆడవాళ్లకు ఆ ఓటు 1869లో వచ్చింది, మూడేళ్లకే కోర్టు దానికి కత్తెర వేసింది. పెళ్లయిన ఆడమనిషికి కాదు, భర్త లేనివాళ్లకే అని. మన దగ్గర సగం సీట్లు ఆడవాళ్లవి. ఈ ఒక్క విషయంలో మనం దొరలకంటే ఆమడ ముందున్నాం. భార్య గెలుస్తుంది, భర్త ప్రమాణ స్వీకారం తప్ప మిగతావన్నీ చేస్తాడు. అక్కడ మొగుడున్నాడని ఓటు తీసేశారు, ఇక్కడ మొగుడున్నాడని సీటు ఇస్తున్నారు.

పన్ను ముచ్చట ఆఖరుకు దాచాను, అదే కడుపులో మండేది గనక. పాత ఇంగ్లండులో 'స్కాట్' అంటే పన్ను. కట్టకుండా తప్పించుకున్నవాణ్ణి 'స్కాట్-ఫ్రీ' అనేవారు. మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో ఆ మాట నేర్చుకుని స్కాట్లండుకేదో సంబంధం అనుకుంటున్నారు. కాదు నాన్నా, అది మన బల్దియా పథకం. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కట్టిన బుద్ధిమంతుడికి 5 శాతం రాయితీ. ఏళ్ల తరబడి కట్టకుండా కూర్చున్న మొండిఘటానికి వడ్డీ మీద 90 శాతం మాఫీ ఇచ్చారు. అయిదు పెద్దదా తొంభై పెద్దదా మీ మూడో తరగతి పిల్లాణ్ణి అడగండి. వడ్డీ వేరు, పన్ను వేరు అని అధికారులు సర్దిచెబుతారు. నిజమే, వేరే. ఎవడు తెలివైనవాడో చెప్పేందుకు ఆ తేడా చాలు.

డెబ్బై అయిదు గజాల పేదవాడికి ఇంటి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయి రిజిస్ట్రేషన్, ఏడాదికి వంద రూపాయల పన్ను అని 2019 చట్టం తెచ్చిన ఏర్పాటు నాకు నచ్చింది, దాచుకోను. అదే మనిషి పక్కన రెండొందల గజాల ప్లాటు కొనుక్కున్నాడనుకోండి. 2020లో లేఅవుట్ క్రమబద్ధీకరణకు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాడు. రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షల మందికి పైగా పెట్టారు. 2025 దాకా ఆగితే, త్వరగా వస్తే పాతిక శాతం తగ్గిస్తాం రండి అన్నారు. అయిదేళ్లు గుమ్మంలో నిలబెట్టినవాడు 'త్వరగా రా' అంటే నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పెద్దమనిషి మళ్లీ ఒక దరఖాస్తు రాశాడు. బర్జెస్ తన ఇంటిజాగాకు శిస్తు కట్టాక అది అతనిదే. అమ్ముకోవచ్చు, కొడుక్కు రాసివ్వొచ్చు. మన ప్లాటు రిజిస్ట్రార్ ఆఫీసులో మనది, టౌన్ ప్లానింగ్‌లో అనుమానాస్పదం, కుక్కలకు మాత్రం స్వాధీనం.

లండన్ నగరపు ఫ్రీమన్‌కు లండన్ బ్రిడ్జి మీదుగా సుంకం లేకుండా గొర్రెల్ని తోలుకుపోయే పాత హక్కొకటి ఉంది. ఇప్పటికీ ఏడాదికోసారి సరదాగా తోలుతారు, ఫొటోలు దిగుతారు. గొర్రెల విషయంలో పాలమూరుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మన కురుమ అన్నలు మందల్ని జిల్లాలు దాటించి తోలుకుపోయి తోలుకొస్తారు, ఫొటో తీసేవాడు లేడు. అంగట్లో కొత్తిమీర కట్టలు పెట్టుకున్న అవ్వ దగ్గర మాత్రం తైబజారు చిట్టీ అడిగేవాడు ఉంటాడు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం మంది ఆ బండ్లవాళ్లే, వాళ్లలో వాళ్లే ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఇది అచ్చంగా నకరమే! నకరానికి ఎన్నిక ఎప్పుడని అవ్వనడిగితే, "నాకు కార్డు ఇచ్చిండ్రు, లోన్ పదివేలు వచ్చింది, కట్టేసిన" అంది. కట్టేసిందండీ. తొంభై శాతం మాఫీ అవ్వకెవరూ చెప్పలేదు.

ఇంకొక పాత నియమం నన్ను పట్టి కుదిపేసింది. పల్లెలో దొరకు కట్టుబడి ఉన్న జీతగాడు చార్టర్ ఉన్న పట్టణానికి పారిపోయి, ఎవరూ పట్టుకోకుండా అక్కడ ఏడాది మీద ఒక్క రోజు బతికితే చాలు, ఇక అతను ఎవరి జీతగాడూ కాడు. ఏడాది మీద ఒక్కరోజు. పాలమూరు లేబరు ముంబయిలో, పుణేలో, హైదరాబాదులో ఎన్ని ఏళ్ల మీద ఎన్ని రోజులు బతికాడు? ఆ పట్టణాల డ్యాములు, ఫ్లైఓవర్లు, మెట్రోలు ఎత్తినవాడు అక్కడ 'బయటోడు', ఇక్కడ 'వలసపోయినోడు'. ఓటు నాడు మాత్రం బస్సు పెట్టి ఏసీలో తెస్తారు. ఆ ఒక్క రోజుకు అతను బర్జెస్. ఏడాది ఎక్కడ పోయిందని అడక్కండి.

ఓటు ముచ్చటొచ్చింది గనక మన వంతు కూడా చెప్పుకుందాం, ఎప్పుడూ పైవాళ్లనే తిడితే బాగోదు. 1265లో ఇంగ్లండులో సైమన్ డి మాంట్‌ఫోర్ట్ అనే ప్రభువు పిలిచిన సభకు మొదటిసారి పట్టణాల బర్జెస్‌లు వెళ్లారు. ఆ తరవాత పార్లమెంటుకు వెళ్లే బర్జెస్‌కు రోజుకు రెండు షిల్లింగుల కూలి లెక్కన ఊరే కట్టేది. ఊళ్లు ఆ డబ్బు దగ్గర గొణిగేవి, తమ ఖర్చుతో పోయినవాణ్ణి గనక లెక్కా అడిగేవి. మన దగ్గర కూలి తిరగబడింది. అభ్యర్థి ఓటరుకు కడతాడు. పైసలు తీసుకున్నాక, అయిదేళ్లు మోరీ పొంగినా అడిగే మొహం ఎక్కడిది? మా వీధిలో ఒక అన్న ధర్మంగా చెప్పాడు: "నేను రెండు పార్టీల కాడా తీసుకున్న, కాబట్టి న్యూట్రల్." చీకటి వీధిలో ఆ న్యూట్రల్ అన్న కాలుజారి మోరీలో పడ్డాడు. లేపడానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంకా చాలా ఉంది. వనపర్తి రోడ్ స్టేషన్‌లో దిగితే రోడ్డే తప్ప వనపర్తి రాదని, నాగర్‌కర్నూల్‌కైతే ఆ బోర్డు కూడా లేదని, మూడు ఊళ్లూ ఒకే పార్లమెంటు నియోజకవర్గంలో ఉండి మూడు దిక్కులు చూస్తాయని. అవన్నీ వదిలి మళ్లీ వార్డు కమిటీల దగ్గరికొస్తే, రాజ్యాంగమే అవి తప్పనిసరి అన్నది మూడు లక్షల జనాభా పట్టణాలకు. 2011 లెక్కల్లో మన మూడు ఊళ్లనూ కలిపి తూచినా ఆ గీత దరిదాపులకు రావు. మన మీద రాజ్యాంగానికి బాధ్యత తక్కువ. మనకు మన మీద ఎక్కువ ఉండాలి.

1835 చట్టంలో ఇంకో చిన్న ముక్క ఉంది. కౌన్సిల్ తీర్మానాల పుస్తకాన్ని ఒక షిల్లింగు కట్టి ఏ బర్జెస్ అయినా తెరిపించి చదువుకోవచ్చు. మనకు ఆ షిల్లింగు 2005లో వచ్చింది. సమాచార హక్కు చట్టం, పది రూపాయలు, ముప్ఫై రోజులు. కనుక పురజనులారా, ఎట్లాగూ దరఖాస్తులు రాసే చెయ్యే మనది, ఇంకొక్కటి రాయండి. నా వార్డు కమిటీల్లో ఉన్న ఆ అరవై మంది పేర్లేమిటి, వాళ్లు ఎన్నిసార్లు కూర్చున్నారు, ఏం తీర్మానించారు – ఈ మూడే అడగండి. నేను నిన్న వేసి వచ్చాను. ఈసారి రశీదు తీసుకున్నాను.